గెజిటెడ్ సంతకం

సిద్దిపేటలో మోటారు సైకిళ్లకు సీట్లు కుట్టే హనీఫ్‌కు 2013 జనవరి మొదటి పది రోజులూ కాలు నిలవలేదు. పొద్దున దుకాణం తెరిచేవాడు, గంట తిరక్కుండానే మూసేసి ఏదో ఒక ఆఫీసుకు పరుగెత్తేవాడు.

వాళ్లమ్మ బీబీజాన్‌కు ఒక్కతే అక్క, కుబ్రాబీ. పెళ్లయి కరాచీ వెళ్లి యాభై ఏళ్లయింది. మధ్యలో ఒక్కసారే వచ్చింది, ఎనభై రెండులో. తర్వాత రెండుసార్లు వీసా అడిగితే రెండుసార్లూ ఇవ్వలేదు, ఎందుకో చెప్పనూ లేదు. ఇప్పుడు రెండు దేశాలూ కొత్త ఒప్పందం చేసుకున్నాయి. అరవై అయిదు దాటినవాళ్లు ముందుగా వీసా తెచ్చుకోనక్కర్లేదు. అటారీ సరిహద్దుకు నడిచి వస్తే అక్కడే నలభై అయిదు రోజులకు ముద్ర వేస్తారు. పోలీస్ స్టేషన్‌లో హాజరు కూడా ఉండదు. జనవరి పదిహేను నుంచి అమలు. హనీఫ్ కూతురు అనమ్ డిగ్రీ చదువుతోంది. ఈ నిబంధనలన్నీ ప్రింటు తీసి తెచ్చి దాదీకి చదివి వినిపించింది. కుబ్రాబీకి డెబ్బై. బీబీజాన్ ఆ కాగితాలను మళ్లీ మళ్లీ చదివించుకుంది.

చిక్కల్లా ఒక్కటే. పిలిచేవాళ్లు హామీపత్రం ఇవ్వాలి, దాని మీద గెజిటెడ్ అధికారి సంతకం ఉండాలి.

దవాఖానలో తెలిసిన డాక్టరు పాకిస్తాన్ అన్న మాట దాకా చదివి, కాగితం మడతపెట్టి తిరిగి ఇచ్చేశాడు. ఇంకో అధికారి మూడు రోజులు రేపు రమ్మని, నాలుగో రోజు నుంచి ఫోన్ ఎత్తడం మానేశాడు. వాళ్లనీ అనడానికి లేదు. సరిహద్దులో సైనికులు చనిపోయారని టీవీలో ఒకటే వార్తలు. చివరికి అనమ్‌కు ప్రమీలాదేవి మేడం గుర్తొచ్చింది. ఇంటర్‌లో తనకు తెలుగు చెప్పిన ప్రభుత్వ కాలేజీ లెక్చరర్. ఆ ఉద్యోగమూ గెజిటెడే.

ఆ రోజు మేడం కాలేజీలో లేదు. తెలంగాణ కోసం సిద్దిపేటలో రిలే దీక్షలు ఏళ్ల తరబడి నడుస్తున్నాయి, రోజుకొక సంఘం కూర్చుంటుంది. ఆ రోజు లెక్చరర్ల వంతు. హనీఫ్ చెప్పులు విడిచి టెంటులోకి వెళ్లి కాగితం చేతికిచ్చాడు. మెడలో బంతిపూల దండతోనే ఆమె దాన్ని రెండుసార్లు చదివింది. మీ పెద్దమ్మది ఏ గల్లీ, కరాచీ ఎప్పుడు వెళ్లింది, పిల్లలెందరని అడిగింది.

పక్కన కూర్చున్న సంఘం నాయకుడు బుచ్చిరాములు ఆమె వైపు వంగాడు.

"మేడం, మన టెంటు మీద పోలీసోళ్ల కన్ను ఎప్పుడూ ఉంటది. రేపు గీ కాగితం పట్టుకొని ఉద్యమాన్ని బద్నాం చేస్తరు."

ఆ మాటలో తప్పేం కనిపించలేదు హనీఫ్‌కు. ఇక లేద్దామని కాగితం కోసం చెయ్యి చాపాడు. ప్రమీలాదేవి ఇవ్వలేదు.

"ఉద్యమం పేరు మీద సంతకం పెడుతలేను రాములు సార్, నా పేరు మీద పెడుతున్న. గీయన బిడ్డ రెండేండ్లు నా దగ్గర చదివింది. గీళ్ల ఇల్లు నాకెరుకే," అంది. తర్వాత హనీఫ్‌తో, ముద్ర కాలేజీలో ఉందని, రేపు పది గంటలకు వచ్చి వేయించుకొమ్మని చెప్పింది.

పదిహేనో తారీకుకు హనీఫ్ అటారీలో ఉన్నాడు. మోకాళ్ల నొప్పులున్నా, వద్దన్నా వినకుండా బీబీజాన్ కూడా వచ్చింది. రెండు రోజుల రైలు ప్రయాణంలో ఆమె కంటి మీద కునుకు లేదు. తీరా వెళ్లాక, కొత్త పద్ధతిని ప్రస్తుతానికి ఆపేశారని అక్కడి అధికారి చెప్పాడు. పైనుంచి ఆర్డరట. ఎప్పటిదాకా అంటే ఆయనకూ తెలియదు. అవతలి వైపు కుబ్రాబీని కూడా వెనక్కి పంపించారని ఆమె మనవడు జునైద్ ఫోన్ చేశాడు. సాయంత్రం జెండాలు దించేటప్పుడు రెండు వైపులా జనాన్ని కూర్చోనిస్తారు కదా, అక్కడ చూసుకుందాం, దాదీ తెల్ల శాలువా కప్పుకుంటుంది అన్నాడు.

నడుమ గేట్లు, సిపాయిల కవాతు, చెవులు పగిలే నినాదాలు. అవతల మెట్ల మీద దూరంగా ఒక తెల్ల శాలువా కనబడగానే బీబీజాన్ లేచి నిలబడింది. హనీఫ్ భుజం పట్టుకుని, అయిపోయేదాకా చెయ్యి ఊపుతూనే ఉంది. అక్కడి ముసలామె కూడా ఊపింది.

మర్నాడు కుబ్రాబీయే ఫోన్ చేసింది. మెట్ల మీద జాగ దొరకలేదట, జెండా దించకముందే వెనక్కి మళ్లారట.

తిరుగు రైలు నాగపూర్ దాటింది. బీబీజాన్ ఇంట్లో మాట్లాడే ఉర్దూలో కొడుకును ఒక్కటే అడిగింది. "మరి ఆ తెల్ల శాలువా ఆమె ఎవరి కోసం వచ్చినట్టు?"

ఫిబ్రవరిలో హైదరాబాదులో బాంబులు పేలాయి. నాలుగు రోజులకు మఫ్టీలో ఇద్దరు హనీఫ్ దుకాణానికి వచ్చి, కరాచీ నుంచి ఎవరొస్తున్నారని అడిగారు. వాళ్లు మేడం కాలేజీకి కూడా వెళ్లారని హనీఫ్‌కు తెలిసింది. రెక్జిన్ కత్తిరించబోయి వేలు కోసుకున్నాడు. అక్కను ఇక పిలవొద్దని తల్లితో చెబుదామని ఎన్నిసార్లో అనుకుని, ఆమె ముఖం చూసి ఊరుకున్నాడు.

ఏప్రిల్‌లో ఆపిన పద్ధతి మళ్లీ మొదలైంది. హామీపత్రం మాత్రం కొత్త తారీకుతో మళ్లీ రాయించాలి. హనీఫ్ రెండు రోజులు కాలేజీ గేటు దాకా వెళ్లి వెనక్కి వచ్చాడు. మూడో రోజు ప్రమీలాదేవే అతన్ని చూసి ఆగింది.

"మీ దగ్గరికి కూడ వచ్చిన్రట గద మేడం," అన్నాడు తలెత్తకుండా.

"వచ్చిన్రు. అడిగిన్రు, చెప్పిన. కాగితం తెచ్చినవా?"

అక్కడే గోడ మీద పెట్టుకుని సంతకం చేసి, లోపలికి పిలిచి ముద్ర వేసిచ్చింది.

ఈసారి అటారీకి హనీఫ్ ఒక్కడే వెళ్లాడు. మధ్యాహ్నం దాటాక కుబ్రాబీ ఒక పెట్టె, ఒక సంచితో నడిచి వచ్చింది. పాస్‌పోర్టులో ముద్రను హనీఫ్ నాలుగుసార్లు చూసుకున్నాడు. సికింద్రాబాదులో దిగి సిద్దిపేట బస్సెక్కారు. ప్రజ్ఞాపూర్ దగ్గర బస్సు ఆగిపోయింది. చౌరస్తాలో రాస్తారోకో, రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటావార్పు. చుట్టూ పోలీసులు. పాకిస్తాన్ పాస్‌పోర్టు ఉన్న సంచిని హనీఫ్ ఒళ్లో పెట్టుకుని రెండు చేతులతో పట్టుకున్నాడు.

కొమురవ్వ అనే ఆమె విస్తరిలో అన్నం తెచ్చి కిటికీలోంచి అందించింది. "తిను పెద్దవ్వా, బండ్లు ఇప్పట్ల పోవు. యాడికెళ్లి వస్తున్నవ్?"

హనీఫ్ నోరు తెరిచేలోపే కుబ్రాబీ జవాబిచ్చింది. యాభై ఏళ్ల కింద ఇక్కడ వదిలివెళ్లిన తెలుగు అది.

"నాది సిద్దిపేటనే బిడ్డా. పెండ్లి చేసి దూరం ఇచ్చిన్రు. చెల్లెను చూడవస్తున్న."

అన్నంలో పచ్చిపులుసు. కుబ్రాబీ విస్తరి అంతా ఖాళీ చేసింది. గొడవ దేనికని అడిగితే, మా రాష్ట్రం మాకు కావాలని కూర్చున్నామంది కొమురవ్వ. కుబ్రాబీ తలూపి, ఇంకొంచెం పులుసు అడిగింది.

ఇంటి ముందు బీబీజాన్ గోడ పట్టుకుని నిలబడి ఉంది. కుబ్రాబీ సంచి కింద పెట్టి చెల్లెలి దగ్గరికి నడిచింది. "అచ్చం అమ్మలాగే అయిపోయావు," అని కుబ్రాబీ అన్నాక బీబీజాన్ ఏడ్చింది.

మర్నాడు హనీఫ్ తనంతట తానే స్టేషన్‌కు వెళ్లాడు. ఎస్సై కొత్త నిబంధన వినలేదట. అనమ్ తీసిచ్చిన ప్రింటు మొత్తం చదివి, పేరు రాసుకుని, ఇక రానక్కర్లేదన్నాడు. అయినా హనీఫ్ ప్రతి సోమవారం వెళ్లి కనబడి వచ్చేవాడు.

సంతకం పెట్టిన ఆమెను చూడాలని కుబ్రాబీ పట్టుబట్టింది. దీక్షా శిబిరంలో కనబడితే వీసాకు ఏం ముప్పొస్తుందోనని హనీఫ్ భయపడ్డాడు. అతను అడగకముందే ప్రమీలాదేవి, టెంటుకు తీసుకురావద్దని, తానే వస్తానని అనమ్‌తో కబురు పంపింది. ఆ సాయంత్రమే వచ్చింది. కుబ్రాబీ ఆమె కుడిచేతిని రెండు చేతుల్లోకి తీసుకుని కళ్లకద్దుకుంది. ప్రమీలాదేవికి ఏం చేయాలో తోచక, కరాచీలో కూడా ఇంత ఎండలుంటాయా అని అడిగింది. చాయ్ వచ్చేసరికి ముగ్గురు ఆడవాళ్లూ తెలుగూ ఉర్దూ కలిపి మాట్లాడుకుంటున్నారు.

గడువుకు రెండు రోజుల ముందే హనీఫ్ పెద్దమ్మను అటారీలో దింపి వచ్చాడు. గేటు దాటేదాకా ఆమె వెనక్కి తిరిగి చూస్తూనే ఉంది.