బావమరిది పాలు

మా బావమరిది మూడు నెలలుగా విరేచనాలతో మా ఇంట్లోనే ఉన్నాడు. మా ఆవిడ వాడికి మెత్తటి అన్నం, అరటిపండు, మధ్యాహ్నం పెద్ద గ్లాసుడు పాలు మంచం దగ్గరికే తెచ్చిపెడుతుంది. నన్నేమో "మీరే వడ్డించుకోండి" అంటుంది. కడుపు వాడిది, మంట నాది.

డాక్టరమ్మ తిన్నదంతా పుస్తకంలో రాయమంది. పాలు తినేవి కావు కదా అని మా ఆవిడ రాయలేదు. నేను కుళ్ళు ఆపుకోలేక, వాడు కునుకు తీసేటప్పుడు ఆ పాలు గుటుక్కుమనిపించేవాణ్ణి. అక్క మానేసిందేమోనని వాడూ అడగలేదు.

అలా మొదలెట్టిన పది రోజుల్లో వాడికి తగ్గిపోయింది. ముగ్గురం డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం.

"పాలు బాగా ఇచ్చానండీ," అంది మా ఆవిడ డాక్టరమ్మతో గర్వంగా.

"పాలా? పుస్తకంలో లేవే! సరే, పడుతున్నట్టున్నాయి. ఇంకో గ్లాసు పెంచండి."

నేను గబుక్కున అడ్డుపడ్డాను. "పెంచకండమ్మా! ఈ పది రోజులూ అవి తాగింది నేను."

డాక్టరమ్మ కలం ఆగింది. "అయితే అతనికి పాలే పడట్లేదేమో. పూర్తిగా ఆపేసి చూద్దాం."

"రోగిష్టివాడి పాలు తాగడానికి సిగ్గులేదూ?" అని మా ఆవిడ నా మీద విరుచుకుపడింది.

బావమరిది పకపకా నవ్వాడు. "తిట్టకే అక్కా! బావ కుళ్ళుకోకపోతే నేనింకా బాత్రూంలోనే ఉండేవాణ్ణి."