వాడి కాళ్లు పట్టుకోను

ఆ వీధిలో అందరూ ఆవిడను బూట్లక్క అనే పిలుస్తారు. ఒక కాలు పొట్టిగా ఉన్నవాళ్లకి, వేళ్లు పోయినవాళ్లకి, మడమ వంకరగా అతుక్కున్నవాళ్లకి ఏ కాలికి తగ్గ బూటు ఆ కాలికే కుడుతుంది. మామగారి దగ్గర నేర్చుకున్న పని అది. భర్త లారీ నడుపుతూ నెలలో సగం రోజులు ఇంట్లో ఉండడు. కొట్టు ఆవిడదే, తోలు కోసే కత్తి ఆవిడదే. కొలతలూ, కాళ్ల ఫోటోలూ దాచే కంప్యూటరు మాత్రం మరిది చూస్తాడు. నలభై దాటిన మనిషి, గట్టిగా తుమ్మడానికి కూడా మొహమాటపడతాడు.

ఒక సోమవారం పొద్దున్నే ఆవిడ కొట్లోకి వచ్చేసరికి మరిది తెర ముందు కొయ్యబారి కూర్చుని ఉన్నాడు. తెర మీద ఎర్రటి అక్షరాలు: మీ ఫైళ్లన్నిటికీ తాళం వేశాం. అడిగిన సొమ్ము పంపకపోతే, మీ దగ్గరికొచ్చేవాళ్ల కాళ్ల ఫోటోలు పేర్లతో సహా లోకమంతా చూస్తుంది. గడువు ఐదు రోజులు.

"శనివారం తోలు వ్యాపారి పేరుతో మెయిల్లో బిల్లొచ్చింది వదినా. తెరిచాను. ఇప్పుడే ఆయనకి ఫోన్ చేస్తే, నేనేమీ పంపలేదే అంటున్నాడు."

"ఇంకో కాపీ ఉందన్నావుగా?"

"ఆ కాపీ ఉన్న డబ్బాని కంప్యూటరుకే తగిలించి వదిలేశాను. దానికీ తాళం పడింది."

ఆవిడకి ఒళ్లు మండిపోయింది. నాలుగు చివాట్లు పెట్టింది కూడా. అతను తల దించుకునేసరికి ఐదోది మింగేసింది.

కంప్యూటర్లు బాగుచేసే ఆయన వచ్చీ రాగానే ఇంటర్నెట్ తీగ పీకేశాడు. గంటసేపు తంటాలు పడి చేతులెత్తేశాడు. "సొమ్ము పంపినా తాళం తీస్తారన్న నమ్మకం లేదక్కా. అయినా చాలామంది గుట్టుగా కట్టేసి ఊరుకుంటారు, నలుగురికీ తెలిస్తే పరువు పోతుందని."

"దొంగతనం చేసినవాడికి లేని సిగ్గు నాకెందుకయ్యా?" అంది ఆవిడ. "పొద్దున లేస్తే కాళ్లు పట్టుకునే బతుకు నాది. కానీ వీడి కాళ్లు మాత్రం పట్టుకోను."

పోలీసు స్టేషన్లో ఆఫీసరు పెదవి విరిచాడు. "వాళ్లు ఏ దేశంలో ఉన్నారో ఏమో, దొరకడం కష్టమమ్మా."

"దొరికినప్పుడు దొరుకుతారు. ముందు రాసుకోండి" అని, ఫిర్యాదు కాపీ చేతికొచ్చేదాకా కుర్చీలోంచి కదల్లేదు.

తర్వాత పని అన్నిటికన్నా కష్టమైనది. మరిది ఫోన్లో ఉన్న నంబర్లు ఒక్కొక్కటే తీసి ఆవిడే మాట్లాడింది. ఫలానా తప్పు మా కొట్లోనే జరిగింది, మీ ఫోటోలు దొంగల చేతిలో పడ్డాయి, ముందే చెబుతున్నాను అంది. కొందరు ధైర్యం చెప్పారు. కొందరు నోటికొచ్చినట్టు తిట్టారు. ఒక తండ్రి నేరుగా కొట్టుకే వచ్చి, కూతురి కోసం సగం కుట్టి ఉంచిన బూట్లు లాక్కుని వెళ్లిపోయాడు. మీ కోపం న్యాయమే అంటూ ఆవిడ గుమ్మం దాకా వెంట వెళ్లింది. ఆయన వెనక్కి తిరిగి చూడలేదు.

మూడో రోజు టీచర్ గారు కర్ర పొడుచుకుంటూ వచ్చింది. ఉద్యోగం మానేసి పదేళ్లయింది. ఎడమ పాదం లోపలికి ముడుచుకుపోయిన మనిషి.

"నలభై ఏళ్లు ఈ కాలు ఎవరి కంటా పడకుండా కుర్చీలోంచి లేవకుండా పాఠాలు చెప్పానమ్మాయ్. ఇప్పుడెవడో దీన్ని అడ్డం పెట్టుకుని నిన్ను బెదిరిస్తున్నాడా?"

"తప్పు మాదే టీచర్ గారూ..."

"ఆ సంగతి ఫోన్లో చెప్పావుగా." ఆమె గుమ్మం బయట బల్ల మీద కూర్చుని, వీధిలో జనం చూస్తుండగానే బూటు విప్పింది. "తియ్యి ఫోటో. వాడు చూపించేదేంటి, నేనే చూపిస్తాను."

బూట్లక్క ఫోన్ అందుకుంది. ఫోటో తీసి అచ్చు వేయించింది. దాని కింద టీచర్ గారు తన గుండ్రటి చేతిరాతతో "ఇది నా కాలు" అని రాసి, పేరు పెట్టి, దగ్గరుండి కొట్టు అద్దానికి అతికించింది. గడువు ముగిసేసరికి ఆ అద్దం మీద పదకొండు కాళ్లు చేరాయి. రానివాళ్లని ఎవరూ అడగలేదు.

ఈలోగా నాలుగో రోజు దొంగల నుంచి మెయిల్లో మరిది ఫోన్‌కి ఇంకో కబురు: సగానికి తగ్గించాం.

"బేరానికి దిగాడే!" అని ఆవిడ పడీ పడీ నవ్వింది. "జవాబివ్వకు. పోలీసులకి పంపించి, ఇలా వచ్చి కొలతలు రాసుకో."

ఆరో రోజు దొంగలు అన్నంత పనీ చేశారు. ముప్పై మంది ఫోటోలు బయటపడ్డాయి. ఆ రోజు ఆవిడకి ముద్ద దిగలేదు. అందులో బూట్లు లాక్కెళ్లిన ఆయన కూతురి కాలు కూడా ఉంది. తండ్రికి ఫోన్ చేస్తే ఎత్తలేదు, ఆయన మళ్లీ కొట్టు ఛాయలకి రాలేదు. ఆ బాధ ఆవిడకి అలాగే ఉండిపోయింది. కానీ సొమ్ము కట్టి ఉంటే బాగుండేదని మాత్రం ఒక్కనాడూ అనుకోలేదు.

కొలతలన్నీ మళ్లీ మొదటి నుంచి తీయడానికి మూడు నెలలు పట్టింది. ఇప్పుడు కాపీలు రెండు. ఒకటి ఇనప్పెట్టెలో, ఒకటి ఇంట్లో, ఏ తీగా తగలకుండా ఉంటాయి. బిల్లు ఏదొచ్చినా మరిది ముందు ఫోన్ చేసి కనుక్కుంటాడు, తర్వాతే తెరుస్తాడు.

అతన్ని వీధిలోకి తోసింది కూడా ఆవిడే. "నీకు తెలిసింది నలుగురికీ చెప్పు" అంది. టైలరు కొట్లో, మందుల షాపులో, ప్రింటింగ్ ప్రెస్సులో ఎక్కడికెళ్లినా అతను ఒకే మాటతో మొదలుపెడతాడు: "ఆ మెయిల్ తెరిచిన మహానుభావుణ్ణి నేనేనండీ."

వాళ్లు నవ్వుతారు. నవ్వుతూనే కుర్చీ జరిపి, తమ కంప్యూటరు ముందు అతనికి చోటిస్తారు.