అభ్యంతరం ఎవరికి?

వేదవతికి ఫోన్ చేసినప్పుడల్లా ఆమె పై అధికారి గొంతులో కాస్త తేనె కలుపుకునే చేస్తాడు. ఆ రోజూ అంతే.

"వేదవతి గారూ, ఆ రాజేశం ఫైలు కొంచెం ఆచితూచి రాయండి. మొన్న పెరోల్ మీద వచ్చిన ఖైదీ ఒకడు పారిపోయాడు. టీవీల్లో ఒకటే గోల. గాలి మారిందమ్మా."

గాలట గాలి! ప్రొబేషన్ అధికారిగా చేరిన నాటి నుంచీ ఆమె ఈ గాలి కబుర్లే వింటోంది. ఎన్నికలయ్యాక కొత్త ప్రభుత్వం, నడవడి బాగున్న ఖైదీలను ముందుగా వదిలి ప్రొబేషన్ అధికారుల కనుసన్నల్లో ఉంచుదామంది. అందరూ చప్పట్లు కొట్టారు. ఒకడు పారిపోయేసరికి అవే చేతులు నెత్తిన పెట్టుకున్నారు. ఇప్పుడు చుట్టుపక్కలవాళ్ళనూ, చనిపోయినవాడి కుటుంబాన్నీ అడిగి అధికారి సిఫారసు చేస్తేనే విడుదల. లేదంటే, హత్య కేసులో శిక్ష పడి ఇప్పుడు పెరోల్ మీద బయటికొచ్చిన రాజేశం గడువు తీరగానే మళ్ళీ జైలుకే. పాము చావకూడదు, కర్ర విరగకూడదు, మధ్యలో మనిషి ఏమైపోయినా ఫరవాలేదు.

"చూసిందే రాస్తాను సార్," అని ఆమె ఫోన్ పెట్టేసింది.

ఇలాంటి విచారణకు జీపులో, వెంట కానిస్టేబుల్‌తో వెళ్ళడం ఆనవాయితీ. జీపు ఆగిన గుమ్మంలో నిలబడి మంచిమాట ఎవరు చెబుతారు? "మాకెందుకమ్మా ఈ గొడవ" అని తలుపులేసుకుంటారు. దాన్నే అభ్యంతరమని అధికారులు రాసి పంపేస్తారు. ఈ తంతంటేనే వేదవతికి ఒళ్ళు మంట. చిక్కడపల్లిలో ఇంటికి తాళం పెట్టి, గొడుగు వేసుకుని, నడుచుకుంటూ అశోక్ నగర్ వెళ్ళింది.

అనసూయమ్మ మెస్సులో మధ్యాహ్నం భోజనాల వేళ. బల్లల నిండా సర్కారు కొలువులకు చదివే కుర్రాళ్ళే. ఒక చేత ముద్ద, ఇంకో చేత ఫోన్లో ప్రశ్నలు. లోపల పొయ్యి దగ్గర అనసూయమ్మ తమ్ముడు రాజేశం గంజి వారుస్తున్నాడు. ఊళ్ళో బోరు నీళ్ళ తగాదాలో పార తిప్పి కొట్టి బావను చంపాడతను. ఆ బావ అనసూయమ్మ భర్తే. అంటే ఈ కేసులో ఖైదీకి అక్కా, చనిపోయినవాడికి భార్యా ఒక్కతే. ఈ చిక్కుముడి వేదవతికి తెలుసు. గల్లీకి తెలియదు.

ఎందుకంటే తమ్ముడు దుబాయ్ నుంచి వచ్చాడని అనసూయమ్మ అందరికీ చెప్పుకుంది. వాళ్ళ ఊరి దిక్కు మగవాడు ఏళ్ళ తరబడి కనబడకపోయాడంటే దుబాయ్ అన్న ఒక్క మాటతో సరి, రెండో ప్రశ్న ఎవరూ వేయరు.

వేదవతి ఆమెను పక్కకు పిలిచింది. "వీళ్ళని అడగాలమ్మా. అడక్కపోతే నా రిపోర్టు చెల్లదు."

"మీ కాల్మొక్త మేడం, అడగకుండ్రి," అంది అనసూయమ్మ. "ఈళ్ళల్ల సగం మంది పోలీసు కొలువుకు చదివెటోళ్ళు. తెలిసిందంటే రేపటికెల్లి ఒక్కడు రాడు. మెస్సు మూతవడ్తది."

"ఎన్నాళ్ళని దాస్తావు? నువ్వు చెబితే ఇంటి సంగతి, నేను చెబితే కేసు."

రాజేశం విన్నాడు కాబోలు, అన్నం గిన్నెతో బయటికొచ్చాడు. గిన్నె బల్ల మీద పెట్టాడు.

"తమ్మీ, జర అందరు ఇనుండ్రి. నేను దుబాయ్ పోలే. జైల్ల ఉన్న. మనిషిని చంపిన. ఈ వంట గూడ ఆడనే నేర్చుకున్న."

నోట్లో ముద్దలు నోట్లోనే ఆగిపోయాయి. ఇద్దరు కుర్రాళ్ళు కంచాలు వదిలేసి, చెయ్యి కడుక్కుని చక్కా పోయారు. ఎస్సై పరీక్షకు చదువుతున్న శ్రీనాథ్ మాత్రం కూర్చున్నచోటు నుంచే అడిగాడు.

"ఎవర్ని చంపినవ్ అన్నా?"

"నా పెనిమిటిని," అంది అనసూయమ్మ.

ఈ క్షణం జారితే మళ్ళీ దొరకదని వేదవతికి తెలుసు. అందరి ముందే అడిగేసింది.

"అనసూయమ్మా, అక్కగా వద్దు, చనిపోయినాయన భార్యగా చెప్పు. ఇతన్ని వదిలితే నీకు అభ్యంతరమా?"

అనసూయమ్మ తమ్ముడి వంక చూసింది. ఆ చూపులో ప్రేమ ఎంత ఉందో కోపమూ అంతే ఉంది.

"మాఫ్ చెయ్యలే మేడం. సచ్చేదాక చెయ్య. ఆయన యాదికొచ్చిననాడు వీని మొకం సూడబుద్ధి గాదు. కని వీడు జైల్ల కూసుంటే నా మొగుడు లేచొస్తడా? నా కండ్లముంగట ఉండాలె, దినాం పొయ్యి ముట్టియ్యాలె, నా మొకం సూసుకుంట బతకాలె. గదే వీనికి అసలు శిక్ష. ఇడిచిపెట్టుండ్రి."

రాజేశం గోడకు చేరగిలబడి, తువ్వాలు నోట్లో కుక్కుకుని ఏడ్చాడు.

శ్రీనాథ్ లేచాడు. "మేడం, నా పేరు రాస్కోండ్రి. నాకేం అభ్యంతరం లేదు."

"రేపు నీ ఉద్యోగానికి పోలీసులు విచారణకు వస్తే?"

"గప్పుడు గూడ గిదే చెప్త."

వెనక బల్ల నుంచి ఇంకొందరు పేర్లు చెప్పారు. కొందరు తల వంచుకుని తింటూ ఉండిపోయారు. వాళ్ళను ఆమె బలవంతపెట్టలేదు. అక్కడే కూర్చుని, విన్నది విన్నట్టు రాసి, కింద "విడుదలకు సిఫారసు చేస్తున్నాను" అని సంతకం చేసి, ఫోటో తీసి పై అధికారికి పంపింది.

నిమిషంలో ఫోన్ మోగింది. "ఏంటమ్మా ఇది! రేపు ఏదైనా జరిగితే బాధ్యత ఎవరిది?"

"కింద సంతకం నాదే కదా సార్," అంది వేదవతి, రాజేశం వండిన అన్నంలో పప్పు కలుపుకుంటూ.