ఒరెస్ట్ పీకని మగమొక్క

ఒరెస్ట్ పావ్లిక్ చేసిన పనిని మైరన్ సవ్‌చుక్ దాచుకోలేదు. చర్చి మెట్ల మీదా, ధాన్యం గోదాము దగ్గరా, అడిగినవాడికీ అడగనివాడికీ చెప్పాడు. ఆ కెనడా ఊరంతా ఒరెస్ట్‌నే వెనకేసుకొచ్చింది. పాపం, మంచికే చేశాడన్నారు.

మైరన్‌కు మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నరాల జబ్బు. పాదాలు తనవి కానట్టే ఉండేవి. రాత్రిళ్లు పిక్కలు కర్రల్లా బిగుసుకుపోయేవి. డాక్టరు చీటీ, సర్కారు అనుమతి పెట్టుకుని పెరట్లో గంజాయి పెంచుకుని నూనె తీసుకునేవాడు. పడుకోబోతూ నాలుగు చుక్కలు నాలుక కింద వేసుకుంటే తెల్లారేసరికి కాళ్లు వదులయ్యేవి. అంగడి నూనె కాళ్లు వదిలించినా తల మబ్బు పట్టించేది. ఆ తలతో ట్రాక్టరెక్కి గోధుమ విత్తడం కుదరదు.

జులైలో జబ్బు తిరగబెట్టి సాస్కటూన్ ఆసుపత్రిలో పడ్డాడు. మొక్కల్ని పొరుగునున్న ఒరెస్ట్‌కి అప్పగించి వెళ్లాడు. ఒరెస్ట్ మైరన్ కూతురికి జ్ఞానతండ్రి. అందుకే ఇద్దరూ ఒకరినొకరు ఉక్రేనియన్‌లో కూమ్ అని పిలుచుకునేవారు. చిన్న సంచుల్లా పూత వేలాడేవి మగవి, కనబడగానే పీకెయ్యాలి, పుప్పొడి రాలిందంటే ఆడమొక్కలు గింజ పట్టి మందు చస్తుంది అని మైరన్ ఒకటికి రెండుసార్లు చెప్పాడు.

ఒరెస్ట్ అన్నీ పీకాడు, ఒకటి తప్ప. వాళ్ల నాయనమ్మ నార కోసం ఈ జాతి మొక్కలే వేసేది. మగవాటిని ముందు పీకి, మరుసటేటి గింజ కోసం మూలన ఒక మంచిదాన్ని వదిలేది. ఒరెస్ట్ చేతులకూ అదే అలవాటు.

ఆగస్టు చివర మైరన్ తిరిగొచ్చి ఆడమొక్క కంకి నలిపి చూశాడు. అరచేతి నిండా గింజలు.

"ఏంటి కూమ్ ఇది?"

"విత్తనం. పెళ్లికొడుకు లేకుండా పెళ్లి చెయ్యమంటావేంటి?" ఒరెస్ట్ నవ్వాడు.

"నాకు గింజలెందుకురా? కాళ్లు కావాలి."

"చీపురుకట్టలా బిగుసుకునైనా నడుస్తున్నావుగా."

మైరన్ ఆ కంకులతోనే నూనె తీశాడు. ఎన్ని చుక్కలు వేసుకున్నా పిక్కలు వదల్లేదు. మళ్లీ పంట చేతికొచ్చేది వచ్చే ఏడు శరదృతువుకే.

మే నెలలో నేల ఆరింది. మైరన్ ట్రాక్టరు మెట్టు మీద కాలు పెట్టాడు. మోకాలు బిగుసుకుని మరి వంగలేదు. కిందికి జారి చక్రానికి ఆనుకుని కూర్చున్నాడు. ఇంజను వేడి చేసిపెట్టిన భార్య స్లావ్కా వచ్చి దాన్ని ఆపింది. మైరన్‌కు ఏడుపు రాలేదు, కోపమూ రాలేదు. ఆకలేస్తోందన్నాడు.

మర్నాడు ఒరెస్ట్ వచ్చి తాను విత్తిపెడతానన్నాడు. మైరన్ తలుపు తియ్యలేదు. స్లావ్కా ఎంత బతిమాలినా తియ్యలేదు. ఆ ఏడు నేల బీడుపడింది. అప్పిచ్చిన బ్యాంకు ఆగక పొలం అమ్మించింది. కొన్నవాడూ ఒరెస్టే. పోయింది రెండు క్వార్టర్ల పొలం: నీళ్లు నిలిచే పల్లం ఏడెకరాలు కలుపుకుని, మూడు వందల ఇరవై ఎకరాలు.