లుగెండో అతుకు

ఫిల్ము వాడే రోజుల్లో మాకీ తిప్పలు లేవు. దాన్ని కడిగి, ఆరబెట్టి చూసేసరికి మర్నాడయ్యేది. చెడ్డ కబురు ఆఫీసువాళ్లే చెప్పేవారు. ఇప్పుడు ఎక్స్‌రే కిరణాలు పైపులోంచి దూరగానే నా బండిలోని తెర మీద అతుకు లోపలంతా కనిపిస్తుంది. దాన్ని వేసిన వెల్డరు ఎర్ర తాడు అవతలే నిలబడి ఉంటాడు. లోపముంటే అతుకు కోసేయాలన్న మాట దిగి వెళ్లి నేనే మొహం మీద చెప్పాలి.

అందుకే టబోరా దారిలోని మా పైపులైను క్యాంపులో నాతో కూర్చుని తినేవాళ్లు లేరు. బల్ల దగ్గరికి వెళితే "కత్తెరమ్మ వచ్చింది" అని గొణుక్కుని మాటలు ఆపేస్తారు. వెల్డరు లుగెండో మాత్రం పక్కకి జరిగి, "రావే న్యామీజీ చెల్లీ, మొక్కజొన్న ఉగాలి ముద్ద చల్లారితే రాయే, పళ్లు జాగ్రత్త!" అనేవాడు. అతని అతుకులు రెండు నేను కోయించినా ఆ పిలుపు మానలేదు. దానికోసం పొద్దున్నుంచీ ఎదురుచూసేదాన్ని, చెప్పుకోవడానికి సిగ్గెందుకు.

ఇంకొక్కటి పోతే అతన్ని ఇంటికి పంపేస్తారు. అతని తర్వాతి అతుకు వంతు వచ్చింది. అందరినీ దూరం పంపి, సైరన్ మోగించి, మిషను వేశాను. తెర మీద సన్నటి నల్లగీత. లోపల లోహం నిండకపోతే అలాగే కనిపిస్తుంది. పైన గ్రైండరు గీరుకున్నా అలాగే కనిపిస్తుంది. గీరుడే కావాలని దేవుణ్ణి వేడుకుంటూ మిషను ఆపి, దిగి, పైపు మీదికి వంగి వేలితో తడిమాను.

నేను వంగడం చూసి లుగెండో తాడు దాటి వచ్చేశాడు.

"ఏం, ఇదీ కోసేస్తావా? అందరిచేతా మాటలు పడి నిన్ను పక్కన కూర్చోబెట్టుకుంది ఎందుకనుకున్నావు? నీ మొహం చూస్తూ ఎవడికైనా ముద్ద దిగుతుందా?"

వేలికి గాటు తగిలింది. పైపైనే ఉంది.

"గ్రైండరు గీతన్నా. అతుకు బాగుంది," అన్నాను. ఆకుపచ్చ రంగుతో గుర్తు పెట్టాను.

లుగెండో గట్టిగా నవ్వాడు.

"కోపంలో ఏదో వాగానే చెల్లీ. అన్న మాటలు పట్టించుకుంటావా? పద, ఇవాళ చేపలు వండారు. నా ముక్క కూడా నీకే."

"ఆకలి లేదన్నా," అని బండెక్కి తలుపు వేసుకున్నాను. పొద్దున్నుంచీ పచ్చి మంచినీళ్లయినా ముట్టలేదు.