రికార్డు చేసిన రాత్రి

రేడియోలో రాత్రి కార్యక్రమం చెప్పే ఆయన్ని అందరూ గుడ్లగూబ అనేవారు. ఆ పేరు పెట్టింది అతని మేనకోడలు, మాటలు వచ్చీరాని వయసులో. పగలంతా ముసుగుతన్ని పడుకునే మావయ్యని ఇంకేమనాలి మరి? పేరు అతికినట్టు సరిపోయింది, అతనికీ లోలోపల మురిపెంగానే ఉండేది. ఈమధ్య ఆ గుడ్లగూబ రాత్రి భోజనం కాగానే మంచమెక్కి గురక పెడుతున్నాడని మాత్రం ఎవరికీ తెలియదు.

మొదలుపెట్టింది అతను కాదు. "రాత్రిపూట వినేదెవరండీ, దొంగలు తప్ప!" అన్నాడు స్టేషన్ మేనేజరు. "మీ మాటలేవో మధ్యాహ్నమే రికార్డు చేసేసి ఇంటికెళ్ళండి. పాటల మధ్యలో వాటిని కంప్యూటరే వేసుకుంటుంది. శ్రోతలకి మాత్రం తెలియనివ్వకండి." గుడ్లగూబ కొన్నాళ్ళు మూతి ముడుచుకుని తిరిగాడు. తర్వాత రాత్రి నిద్ర రుచి మరిగాడు.

అంతటితో ఆగినా బాగుండేది. చేతిలో విద్య ఉన్నవాడు ఊరుకుంటాడా? మిట్టమధ్యాహ్నం స్టూడియోలో దీపాలార్పి, గొంతు తగ్గించి, నిద్రాపుకుంటున్నవాడిలా చిన్నగా ఆవలించేవాడు. లేని శ్రోతలతో ఫోన్లో ముచ్చట్లాడేవాడు. "ఈ రాత్రి ఫోన్లు ఒకటే మోత. మీది కలవకపోతే నొచ్చుకోకండి, చేస్తూనే ఉండండి. నేనిక్కడే ఉన్నాను." ఈ ముక్క పూర్తిగా అతని సొంత తెలివి. మేనేజరు విని శభాష్ అన్నాడు కూడా.

ఊరందరి చెవిలో పువ్వు పెట్టడం ఒక ఎత్తు, అక్క చెవిలో పెట్టడం ఒక్కటీ ఒక ఎత్తు. బావ బీపీ ఎక్కువై ఆసుపత్రిలో ఉండి వచ్చినప్పుడు గుడ్లగూబ అక్కకి మాటిచ్చాడు. "ఏ అర్ధరాత్రయినా స్టూడియోకి ఫోన్ చెయ్యక్కా. డ్యూటీలో నా సెల్లు ఆపేసి ఉంటుంది. ఓ పాట పెట్టేసి కారేసుకుని వచ్చేస్తాను." ఇచ్చిననాడు అది నిజమైన మాటే. రాత్రి డ్యూటీ పోయాక ఆ సంగతి చెప్పడానికి మొహం చెల్లలేదు. "మా తమ్ముడు మేలుకునే ఉంటాడు, నాకేం భయం" అని ఇరుగుపొరుగుతో చెప్పుకునే మనిషికి ఏ నోటితో చెప్తాడు? రేపు చెబుదాంలే అనుకుంటూ నెలలు దొర్లించాడు. పైగా అబద్ధం బయటపడకుండా, ఇంట్లో పడుకుని కూడా సెల్లు ఆపేసుకునేవాడు.

ఒకరోజు పొద్దున్న సెల్లు ఆన్ చేశాడో లేదో, అక్క ఫోన్. ఆసుపత్రికి పరిగెత్తాడు. బావకి కుడిపక్క పడిపోయింది, మాట పోయింది. మందుల మగతలో ఉన్నాడు. మంచం పక్కన స్టూలు మీద అక్క, నిన్నటి చీరలోనే.

"నువ్వేం బాధపడకురా," అంది అతను నోరు విప్పకముందే. "రాత్రి ఉన్నట్టుండి మాట తడబడింది, మూతి వంకరపోయింది. వెంటనే నీకు చేశాను. మోగుతోంది, ఎవరూ ఎత్తరు. పక్కన రేడియోలో నువ్వేమో చెబుతున్నావు, ఫోన్లు ఒకటే మోత, చేస్తూనే ఉండండని. సరే, ఎవరితోనో మాట్లాడుతున్నాడు, ఇప్పుడెత్తుతాడు, ఇప్పుడెత్తుతాడు అనుకుంటూ చేస్తూనే కూర్చున్నా. చివరికి పక్కింటి ఆటో అబ్బాయిని లేపాను. డాక్టరమ్మ కేకలేసింది, ఇంతసేపూ ఏం చేశారమ్మా, ముందే తెస్తే మాట నిలిచేదేమో అని. నా బుర్ర తక్కువతనం, ఇంకేముంది."

గుడ్లగూబకి తల కొట్టేసినట్టయింది. అప్పుడే చెప్పెయ్యాలి. మనిషన్నవాడెవడైనా అప్పుడు చెప్పేస్తాడు.

"అక్కా," అన్నాడు.

"ఊఁ?"

"టీ తేనా?"

టీ తాగి అక్క అతన్ని లేవదీసింది. "రాత్రంతా మేలుకున్నావు, కళ్ళు చూడు ఎలా ఉన్నాయో. ఇంటికెళ్ళి పడుకో, మళ్ళీ డ్యూటీ ఉంది కదా." తెల్లవార్లూ హాయిగా నిద్రపోయి వచ్చినవాడు, సిగ్గుతో చచ్చిపోతూ, తలూపి బయటపడ్డాడు.

మధ్యాహ్నం స్టూడియోలో మైకు ముందు కూర్చున్నాడు. రికార్డింగు మొదలుపెట్టాడు, ఆపాడు, మళ్ళీ మొదలుపెట్టి మళ్ళీ ఆపాడు. "నలతగా ఉంటే పోనివ్వండి," అన్నాడు మేనేజరు, "నిన్నటిదే మళ్ళీ వేసేద్దాం. ఎవరు కనిపెడతారు?"

సాయంత్రం మళ్ళీ ఆసుపత్రికొచ్చాడు. చీకటి పడింది, పక్క మంచాల వాళ్ళు పడుకున్నారు. "టైమవుతోంది, బయల్దేరరా," అని అక్క తొందరపెడుతూనే ఉంది. వెళ్తాలే అంటూ అతను కదల్లేదు. తన నోటితో చెప్పలేనిది అక్క ఇంటినుంచి తెప్పించుకున్న రేడియోనే చెప్పేస్తుందని కనిపెట్టుకుని కూర్చున్నాడు, పిరికివాడు. అక్క బావ దిండు పక్కన ఆ చిన్న రేడియో పెట్టి, సన్నగా పాట వినిపించేలా తిప్పింది. "నీ గొంతు వింటే ఆయనకి కాస్త నెమ్మదిగా ఉంటుంది."

పాట అయిపోయింది. గుడ్లగూబ గొంతు పలకరించింది. చిన్నగా ఆవలించింది.

అక్క రేడియో వంక చూసింది. తమ్ముడి వంక చూసింది. "నిన్నటిదేగా ఇది," అంది. "ఈ ఆవలింత కూడా."

అతను తల దించుకున్నాడు.

"మరి నేను చేసినప్పుడు?"

"అక్కడెవరూ లేరక్కా. ఇంట్లో పడుకున్నాను."

తిడుతుందనుకున్నాడు. చెంప పగలగొట్టినా బాగుండుననుకున్నాడు. ఈలోగా బావ కదిలాడు. కళ్ళు ఇంకా తెరవలేదు గానీ, ఆ గొంతు ఆనవాలు పట్టినట్టు మూతి ఒక పక్క నవ్వింది. ఎడమచెయ్యి రేడియోని వెతుక్కుంటోంది.

అక్క గబుక్కున లేచి మంచానికీ తమ్ముడికీ మధ్య నిలబడింది.

"బయటికి వెళ్ళు," అంది, గొంతు తగ్గించి. "ఆయన కంట పడకు. ఆయనైనా నువ్వక్కడున్నావనుకోనీ."

గుడ్లగూబ చెప్పులు చేత్తో పట్టుకుని, చప్పుడు కాకుండా నడిచి, తలుపు చాటున నిలబడ్డాడు. లోపల్నుంచి అతని గొంతు చెబుతోంది, చేస్తూనే ఉండండి, నేనిక్కడే ఉన్నాను అని.