బుధవారం మధ్యాహ్నం

ఆ ఊరి ఆరోగ్య కేంద్రానికి నర్సు సోమవారం, గురువారం వచ్చేది. ఊళ్లో అరవై దాటినవాళ్లే ఎక్కువ. సోమవారం వరండా కిటకిటలాడేది. నిద్ర పట్టడం లేదని ఒకరు, ఒళ్లంతా పట్టేసిందని ఒకరు, ఏం బాధో చెప్పలేక ఊరికే కూర్చునేవాళ్లు కొందరు. గురువారం మాత్రం బల్లలు ఖాళీ. ఒకప్పుడు బట్టలు కుట్టిన కత్తెర తాత ఒక్కడే రక్తపోటు చూపించుకోవడానికి వచ్చేవాడు. ఆయన కూడా ఆ రోజు నిద్రమాత్రల ఊసెత్తేవాడు కాదు.

నర్సు రెండు నెలల రిజిస్టరు తిరగేసింది. తేడా కొట్టొచ్చినట్టు కనబడింది.

"తాతా, రాత్రి నిద్ర పట్టిందా?"

"మొద్దు నిద్రమ్మా."

"సోమవారం పట్టలేదన్నారుగా. నిన్న ఏం తిన్నారేంటి?"

"రోజూ తినేదే."

"మరి ఏం చేశారు?"

తాత గడ్డం గోక్కున్నాడు. "ఏం చేస్తాను? కరెంటు లేదుగా."

కొత్త తీగలు లాగుతున్నారని బుధవారం మధ్యాహ్నాలు కరెంటు తీసేస్తున్న సంగతి నర్సుకు అప్పుడే తెలిసింది. తరువాతి బుధవారం సెలవు పెట్టి మరీ వచ్చింది.

రెండింటికి ఫ్యాన్లు, టీవీలు ఆగిపోయాయి. ఉక్కకు తాళలేక ఒక్కొక్క తలుపే తెరుచుకుంది. తాత వీధిలోకి వచ్చి నిలబడ్డాడు. ఎదురింటి పెద్దమ్మ చిక్కుడుకాయల చాటతో మెట్ల మీద కూర్చుంది.

"వదినా, నీ కోడి మా పెరట్లో గుడ్డు పెడుతోంది."

"పెట్టనీ మరిదీ. మీ పెరడు దానికి పుట్టిల్లనుకో."

అలా మొదలైన కబుర్లకు మరో ఆరుగురు చేరారు. సాయంత్రం దీపాలు వెలిగేదాకా ఎవరూ కదల్లేదు. నర్సుకు విషయం అర్థమైంది.

నెల తిరగ్గానే తీగల పని అయిపోయింది. గురువారం కూడా వరండా నిండింది. నర్సు తను చూసింది చెప్పింది. "నలుగురితో మాట్లాడిన రోజు మీరు బాగుంటున్నారు. నాకు అంతకుమించి తేడా కనబడలేదు."

పెద్దమ్మ నమ్మలేదు. "మాటలకు నిద్రొస్తుందా? మా ఆయన మాట్లాడితే వచ్చేదిలే."

తాత మాత్రం నేరుగా లైన్‌మన్ దగ్గరికి వెళ్లాడు. "బాబూ, బుధవారం కాస్త కరెంటు తీసెయ్."

"లేదని తిట్టినవాళ్లను చూశాను గానీ, వద్దని అడిగినవాణ్ణి నిన్నే చూస్తున్నా తాతా. నా ఉద్యోగం ఊడుతుంది."

బుధవారం వచ్చింది. తాత అరగంట వీధిలో ఒంటరిగా నిలబడ్డాడు. అన్ని ఇళ్లలోంచీ టీవీల మోత. తనమీద తనకే నవ్వొచ్చింది. లోపలికి వెళ్లబోయి, ఆగి, వీధి దాటి పెద్దమ్మ తలుపు తట్టాడు. ఆ తలుపు తట్టి ఎన్నేళ్లయిందో ఆయనకే గుర్తులేదు.

"ఏం మరిదీ, ఎవరికైనా ఒంట్లో బాగోలేదా?"

"అందరూ బాగానే ఉన్నారు. ఊరికే వచ్చాను."

పెద్దమ్మ ఎగాదిగా చూసింది. "సరే, కూర్చో. సీరియల్ అయ్యేదాకా నోరెత్తకు."

తాత రెండు నిమిషాలు ఓపిక పట్టాడు. "ఆ ఏడుస్తున్నావిడ ఎవరు?"

"పెద్ద కోడలు. తప్పంతా ఆవిడదే."

"మొహం చూస్తే అలా లేదే."

"మొహం చూసి చెప్పడానికి నువ్వేమైనా జడ్జీవా?"

పెద్ద కోడలి సంగతి చెప్పడం పూర్తయ్యేసరికి సీరియల్ ఎప్పుడో అయిపోయింది. పై బుధవారానికి పక్కింటి ముసలి దంపతులు కూడా వచ్చి, తలా ఒక పక్షం చేరారు. వాళ్ల వాదనలో టీవీ మాట ఎవరికీ వినబడలేదు.

మర్నాడు తెల్లవారగానే తాత ఇంటి తలుపు దబదబా మోగింది. తీస్తే పెద్దమ్మ.

"రాత్రంతా ఆలోచించాను మరిదీ. ఆ కోడలిదే తప్పు. ఎందుకంటే విను," అంటూ లోపలికి వచ్చి కూర్చుంది.